ఎర్రకోటు

కొడుకు సైన్యంలో చేరాడని తెలిస్తే ఊరంతా చెప్పుకుని మురిసిపోయే తల్లులుంటారు. ఇంగ్లండులోని వెల్‌బోర్న్ అనే పల్లెలో దర్జీ భార్య ఆన్ రాబర్ట్‌సన్ మాత్రం కుమిలిపోయింది. 1877 నవంబరులో ఆమె కొడుకు విలియం ‘పదహారో లాన్సర్స్’ అనే అశ్వికదళంలో మామూలు రౌతుగా చేరాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లు నిండలేదు. నిండాయని చెప్పి పన్నెండేళ్ల కొలువుకు ఒప్పేసుకున్నాడు. సంగతి తెలిసి తల్లి ఉత్తరం రాసింది. చదవడం, రాయడం వచ్చినవాడికి వేరే పనే దొరకలేదా అని నిలదీసింది. ఈ మాట ఎవరికీ చెప్పుకోలేనని, తలచుకుంటేనే సిగ్గుగా ఉందని వాపోయింది. నిన్ను ఎర్రకోటులో చూడటం కంటే నా చేతులతో మట్టిచేయడమే నయం అనేంత వరకూ వెళ్లింది.

కన్నతల్లి అనాల్సిన మాటేనా అది? కానీ ఆ రోజుల్లో ఇంగ్లండు పల్లెల్లో పరువుగా బతికే ఏ తల్లయినా ఇంచుమించు అలాగే అనేది. పని దొరకనివాళ్లూ, పనిచేయనివాళ్లూ, తాగి ఇల్లొదిలేసినవాళ్లూ చివరికి చేరే చోటు పటాలమే అని జనం నమ్మకం. సైన్యం నడిచిన తీరు కూడా అలాగే ఉండేది. శాంతికాలంలో సిపాయిని కొరడాతో కొట్టడం మానింది 1868లో. యుద్ధరంగంలో అయితే 1881 దాకా ఆ శిక్ష ఉంది. పారిపోయి పట్టుబడినవాడి ఒంటిమీద చెరగని అక్షరం వేసే ఆచారానికి 1871లో గానీ స్వస్తి చెప్పలేదు. దొరల సంగతి వేరు. అదే 1871 దాకా అశ్వికదళంలో అధికారి పదవిని డబ్బు పోసి కొనుక్కునేవారు!

విలియం పటాలంలోకి రాకముందు ఏం చేసేవాడో తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. కార్డిగన్ ప్రభువు భవనంలో పనివాడు. ఆ ప్రభువు అప్పటికే పోయాడు, భార్య ఉంది. 1854 అక్టోబరు 25న బాలాక్లావా దగ్గర రష్యా ఫిరంగుల నోళ్లకు ఎదురుగా ‘లైట్ బ్రిగేడ్’ను నడిపించింది ఈ కార్డిగనే. ఆదేశాలను సరిగ్గా అర్థం చేసుకోకపోవడంతో 670 మంది దాకా రౌతులు చావుకు ఎదురెళ్లారు. 110 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వందల గుర్రాలు కూలిపోయాయి. కార్డిగన్ ప్రాణాలతో బయటపడి, రేవులో ఉన్న తన సొంత నౌకలో పడుకోవడానికి వెళ్లాడు. మిగిలిన రౌతులు క్రిమియా చలిలో ఉండిపోయారు. ఆ సాహసం మీద టెన్నిసన్ రాసిన పద్యం దేశమంతా మారుమోగింది. మరి ఆ రౌతులు? వాళ్లలో కొందరు ముసలితనంలో పూటకు గతిలేక అల్లాడుతున్నారని 1890లో పెద్ద గగ్గోలు లేచింది. వాళ్ల కోసం చందాలు పోగుచేయడానికి, ఆ దాడిలో పాల్గొన్న లాండ్‌ఫ్రీడ్ అనే బూరగాడి చేత అదే సంకేతాన్ని మళ్లీ ఊదించి, ఎడిసన్ యంత్రంతో మైనపు గొట్టం మీద రికార్డు చేశారు. అది ఇప్పటికీ వినొచ్చు. ముప్ఫయ్యారేళ్ల తర్వాత ఊదిన బూర అది... తోటివాళ్ల కూటి కోసం!

పటాలం లోపలి బతుకెలా ఉండేదో చూద్దాం. విలియం జీతం రోజుకు ఒక షిల్లింగు రెండు పెన్నీలు. కాలిబంటుకు ఒక షిల్లింగే కాబట్టి రౌతుది కాస్త మెరుగే అనుకోవాలి. తిండికి సర్కారు ఉచితంగా ఇచ్చేవి రెండే రెండు. ఒక పౌను రొట్టె, అంటే సుమారు 450 గ్రాములు. ముప్పావు పౌను మాంసం, ఎముకతో కలిపి తూకం. కూరగాయలు, టీ, పంచదార కావాలంటే జీతంలోంచే. బట్టలుతికినందుకు కోత. సామాను పాడైతే కోత. వారమంతా చాకిరీ చేసి చేతికి వచ్చిన చిల్లర చూసుకుంటే ఎవరికైనా సారా దుకాణమే గుర్తొస్తుంది.

తిన్న గదిలోనే పడక. గడ్డి కుక్కిన పరుపు. విక్టోరియా ఏలుబడి తొలినాళ్లలో రాత్రిళ్లు గదిలో ఓ తొట్టి పెట్టేవారు, అందరికీ మూత్రశాల అదే. చాలా అశ్వికదళ బ్యారక్‌లలో కింద గుర్రాలు, పైన మనుషులు. లద్దె వాసన, మూత్రం ఘాటు నేరుగా పైగదుల్లోకే. యుద్ధం లేని రోజుల్లో, సొంత దేశంలో, బ్యారక్‌లలో ఉన్న సిపాయిలే అదే వయసు పౌరుల కంటే ఎక్కువగా చనిపోతున్నారని క్రిమియా యుద్ధం తర్వాత ఫ్లారెన్స్ నైటింగేల్ లెక్కలు తీసి చూపేదాకా ఎవరికీ పట్టలేదు.

రౌతు దినచర్య మొత్తం గుర్రం చుట్టూనే తిరిగేది. తెల్లారకముందే బూర మోగితే లేచి ముందు గుర్రపుశాలకు పరుగెత్తాలి. లద్దె ఎత్తి, నీళ్లు పట్టి, ఒళ్లంతా బ్రష్షుతో రుద్ది, దాణా పెట్టాకే తన కాఫీ, రొట్టె. తర్వాత కవాతు, స్వారీ. మధ్యాహ్నం మళ్లీ శాల, సాయంత్రం మళ్లీ శాల. జీను, కళ్లెం, రికాబులు మెరవాలి. కత్తి, బల్లెం, బూట్లు, గుండీలు మెరవాలి. మెరవకపోతే శిక్ష. వీధిలో ఎర్రకోటు తొడుక్కుని వెళ్తుంటే ఆడపిల్లలు కిటికీల్లోంచి చూసేవారేమో కానీ, పెళ్లి చేసుకోవాలంటే మాత్రం దళాధిపతి అనుమతి కావాలి. అది వందమందిలో పట్టుమని పదిమందికైనా దక్కేది కాదు. దక్కినవాళ్లయినా, పాతరోజుల్లో అందరూ పడుకునే గదిలోనే ఓ మూల దుప్పటి అడ్డం కట్టుకుని కాపురం చేసేవారు. పిల్లలు అక్కడే పుట్టేవారు.

ఇండియాకు పంపితే చాలామంది రౌతులకు పండగే. ఇక్కడ గుర్రానికి మాలీషు చేయడానికి సాయిసులుండేవారు, గడ్డి కోయడానికి వేరే మనుషులుండేవారు. సికింద్రాబాద్‌లో రైలెక్కి బొల్లారం వైపు వెళ్తుంటే దారిలో ‘కేవలరీ బ్యారక్స్’ అనే స్టేషన్ తగులుతుంది. ఆ పేరు ఆ కాలపు జ్ఞాపకమే. చాకిరీ తప్పినా రోగాలు మాత్రం తప్పలేదు. యుద్ధాల కంటే కలరా, జ్వరాలే ఎక్కువమంది తెల్ల సిపాయిలను ఈ నేలలో కలిపేశాయి.

విలియం మాత్రం తల్లి మాట తప్పని నిరూపించే పనిలో పడ్డాడు. ఒకసారి తన కాపలాలోని ఖైదీ తప్పించుకుంటే అతనికే గుండు చేసి మూడు వారాలు కొట్లో పెట్టారు. అయినా బెదరలేదు. బ్యారక్ నిద్రపోయాక ఒంటిగంట, రెండింటి దాకా చదివి పరీక్షలు గట్టెక్కాడు. కార్పొరల్, సార్జెంట్... ఒక్కో మెట్టూ ఎక్కాడు. 1888లో అధికారి హోదా ఇస్తామన్నారు. ఏడాదికి నలుగురైదుగురు మామూలు సిపాయిలకు మాత్రమే దక్కే అవకాశమది. తీరా చూస్తే అసలు చిక్కు అక్కడే! ఇంగ్లండులో అశ్వికదళ అధికారి దర్జా నిలబెట్టుకోవాలంటే ఏడాది జీతం 120 పౌండ్లు కాక చేతినుంచి మరో 300 పౌండ్లు పెట్టుకోవాలి. ప్రభువుల బిడ్డలకు అదో లెక్క కాదు. దర్జీ కొడుకు ఎక్కణ్నుంచి తెస్తాడు?

ఖర్చు తక్కువని ఇండియాలో ఉన్న ‘మూడో డ్రగూన్ గార్డ్స్’లో చేరాడు. తోటి అధికారులు షాంపేన్ తాగుతుంటే మంచినీళ్లతో సరిపెట్టుకున్నాడు. చుట్టలు కొనలేక పొగే మానేశాడు. మండుటెండల్లో మధ్యాహ్నం అంతా కునుకు తీస్తుంటే మున్షీలను కూర్చోబెట్టుకుని ఉర్దూ, హిందీ, పర్షియన్, పష్తో, పంజాబీ నేర్చుకున్నాడు. పాసైన భాషకల్లా సర్కారు నగదు బహుమతి ఇచ్చేది మరి! 1920లో ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. బ్రిటిష్ సైన్యంలో మామూలు సిపాయిగా చేరి ఆ హోదాకు వెళ్లింది ఆయనొక్కడే. ఆయనతోపాటు అదే గడ్డి పరుపుల మీద పడుకున్న మిగతా రౌతుల పేర్లు చాలామటుకు పటాలం పద్దుల్లోనే ఉండిపోయాయి.

1888లో ఇండియా ఓడ ఎక్కేముందు అధికారి దుస్తులు కుట్టించుకోవాలి. లండన్ దర్జీలు అడిగే డబ్బు విలియం దగ్గర లేదు. డ్రగూన్ గార్డ్స్ కోటు కూడా ఎరుపే. దాన్ని వెల్‌బోర్న్‌లో తండ్రే కొలతలు తీసి కుట్టాడు.