జేబులోని పుస్తకము

ఉద్దానపు పల్లెలనుండి సైన్యమునకు బోయినవారు పలువురు. కొబ్బరి, జీడితోటల నడుమనున్న అట్టి యొక పల్లెలో విశ్రాంత సైనికు డొకడు గలడు. అతడు కొలువునకు బయలుదేరిననాడు తల్లి, టెక్కలి అంగడిలో కొన్న ఆంజనేయ దండకమును పలాస రైలుస్టేషనులో అతని చేతబెట్టి, "బాబూ, దీనిని గుండెకు దగ్గరగా ఉంచుకో" అనెను. ఆ చిన్నపుస్తకము అతని చొక్కాజేబుననే యుండి, అట్ట యూడి, అంచులు నలిగి యింటికి వచ్చెను. కడపటి పుటలో అతడు, యుద్ధభూమినుండి తిరిగిరాని నలుగురు మిత్రుల పేర్లు వ్రాసికొనియుండెను.

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. ఉద్దానమున కొబ్బరిచెట్లు కూలినవి. అతని యింటికప్పు లేచిపోయి, పుస్తకము తడిసి ముద్దయయ్యెను.

"తాతా, టెక్కలిలో కొత్తది దొరకదా?" అని మనుమరాలు అడిగెను.

"దండకము దొరకునమ్మా. ఆ పేర్లు దొరకవు" అని అతడు బదులుచెప్పెను.

సైనికుల ప్రార్థనపుస్తకములకు ఈ గతి కొత్తది కాదు. ఇంగ్లండులో రాజునకును పార్లమెంటునకును అంతర్యుద్ధము సాగుచుండిన 1643లో, పార్లమెంటు సైనికులకై 'సైనికుని జేబు బైబిలు' అను 16 పుటల పుస్తకము అచ్చయ్యెను. సైనికుడు దుష్కార్యము చేయరాదనియు, ధైర్యము వీడరాదనియు, పోరునకు ముందు ప్రార్థింపవలెననియు బోధించు బైబిలు వాక్యములు అందు గలవు. ఆ ముద్రణమున నేడు రెండు ప్రతులే తెలియవచ్చుచున్నవి. చెమటకును వానకును ఓర్చి, తమ పని తాము చేసియే తక్కినవి నశించెను కాబోలు! 218 సంవత్సరముల పిదప, అమెరికాలో అంతర్యుద్ధము ఆరంభమైన 1861లో, జార్జి లివర్మోర్ అను గ్రంథసంగ్రాహకుడు తనకడ నున్న ప్రతిని పునర్ముద్రింపించెను. మరల అది వేలకొలది సైనికుల జేబులకు చేరెను. వాక్యములు బ్రదికినవి. కాని తొలిప్రతులను మోసిన సైనికుల పేర్లు అచ్చుయంత్రమున కెట్లు తెలియును?

మనుమరాలు తడిసిన పుటలను నీడలో ఆరబెట్టి, మెల్లగా విడదీసెను. దండకమంతయు నోటుపుస్తకమున ఎత్తివ్రాసి, చెదరిన అక్షరములను తాతచే చెప్పించుకొని, చివర ఆ నాలుగు పేర్లు చేర్చెను.

ముసలివాడు ఆ పేర్లను పైకి చదివెను. నోటుపుస్తకమును చొక్కాజేబున పెట్టుకొనబోగా అది పట్టలేదు. అతడు నవ్వి, దానిని గుండెకు హత్తుకొనెను.