భోజనాల బల్ల మీద రాసిన నవలలు

అద్దె పుస్తకాల దుకాణం నుంచి డిటెక్టివ్ నవల తెచ్చుకొని, దీపం ఆర్పమని ఇంట్లో పెద్దలు కేకలేస్తున్నా చివరి పేజీ దాకా చదివినవారు మీలో ఉండే ఉంటారు. మన తెలుగులో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్ కోసం అలా మేలుకొన్నవారు ఎందరో. వీటిని అపరాధ పరిశోధక నవలలు అంటారు. అందులో ఒక రకం ఉంది. తుపాకుల మోత, నెత్తుటి మడుగులు అందులో పెద్దగా కనిపించవు. ఒక చిన్న ఊరు, ఒక ఇల్లు, పదిమంది మనుషులు. ఆ పదిమందిలోనే హంతకుడు ఉంటాడు. వాడెవడో పాఠకుడు కూడా కూర్చున్న చోటి నుంచే ఊహించవచ్చు. ఇంగ్లీషులో వీటిని ‘కోజీ’ నవలలు అంటారు. ఇంటిపట్టున వెచ్చగా కూర్చొని చదువుకొనేవి అని అర్థం చెప్పుకోవచ్చు. ఈ రకానికి పెద్దదిక్కు అనదగిన రచయిత్రి ఇంగ్లండుకు చెందిన అగాథా క్రిస్టీ. ఆమె గురించి మీకే చెప్పాలని నేను అనుకోవడానికి ఒక కారణం ఉంది. ఆమె చదువు బడిలో మొదలు కాలేదు.

అగాథా 1890 సెప్టెంబరు 15న టోర్కీ అనే సముద్రతీర పట్టణంలో పుట్టింది. ఎనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లలకు చదవడం నేర్పకూడదని ఆమె తల్లి నమ్మకం. కళ్లకూ మెదడుకూ అదే మంచిదట! పిల్ల ఆగలేదు. తనకు చదివి వినిపించిన కథల పుస్తకాలను తిరగేస్తూ, దుకాణాల మీది పేర్లు ఏమిటని అడుగుతూ, ఐదేళ్లు నిండకముందే చదవడం పట్టేసింది. దాది ఈ సంగతిని ఏదో అపరాధం జరిగినట్లు తల్లికి విన్నవించుకొందట. అయితే ఆమె మాటలను అక్షరం అక్షరంగా కాక, మొత్తం రూపాన్ని బట్టి గుర్తుపట్టేది. అందువల్ల స్పెల్లింగు ఆమెకు జీవితాంతం కుదరలేదు. ఈ మాట తన ఆత్మకథలో ఆమే రాసుకొంది. తప్పులు వస్తాయని కలం పట్టడానికి జంకేవారు మీలో ఉంటే, ఇది కాస్త గుర్తుంచుకోండి. లెక్కలు మాత్రం తండ్రి దగ్గర ఇష్టంగా నేర్చుకొంది. తరువాత కొంతకాలం వారానికి రెండు రోజులు బడికి వెళ్లింది. 1905లో పారిస్ వెళ్లి సంగీతం నేర్చుకొంది. చదువంతా ఇంతే.

అసలు చదువు ఆసుపత్రిలో జరిగిందని నేను అంటాను. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆమె తన ఊళ్లోనే గాయపడిన సైనికులకు నర్సుగా సేవ చేసి, ఆ తరువాత మందులు కలిపి ఇచ్చే విభాగానికి మారింది. ఆ రోజుల్లో మందులు ఎక్కువగా చేత్తోనే తూచి, నూరి, కలిపి ఇవ్వాలి. మోతాదు కొంచెం పెరిగితే మందే విషమవుతుంది. పరీక్షకు తయారయ్యేందుకు ఆమె పట్టణంలోని ఒక మందుల దుకాణానికి వెళ్లేది. అక్కడ పని నేర్పే అనుభవజ్ఞుడు ఒకరోజు ఒక మందు తయారు చేస్తూ దశాంశ బిందువును ఒక స్థానం పక్కకు పెట్టాడు. మందు బలం పదింతలైంది. కొత్తగా వచ్చిన అమ్మాయి పెద్దాయనను తప్పు పట్టడమెలా? ఊరుకుంటే రోగి ప్రాణానికి ముప్పు. ఆమె కాలు జారినట్లు నటించి, ఆ పళ్లేన్ని కింద పడేసి, మందును తొక్కేసింది. క్షమించమని అడిగింది. ఆయన మళ్లీ తయారు చేయవలసి వచ్చింది. ఒక నవలా రచయిత్రి అప్పుడే పుట్టిందని నాకనిపిస్తుంది.

డిటెక్టివ్ కథ రాయడం నీ వల్ల కాదని అక్క ఒకసారి పందెం వేసింది. మందుల గదిలో తీరిక దొరికినప్పుడు అగాథాకు ఆ మాట గుర్తుకు వచ్చింది. చుట్టూ అలమరల నిండా విషాలే. బెల్జియం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులు ఆ ఊళ్లో ఉండేవారు. వారిలాంటి ఒక మాజీ పోలీసు అధికారిని ఊహించి హెర్క్యూల్ పొయిరో అని పేరు పెట్టింది. కొందరు ప్రచురణకర్తలు తిప్పి పంపగా, మరొకరు రెండేళ్ల దాకా దగ్గర ఉంచుకొని 1920లో అచ్చు వేశారు. ఆమె చేతికి వచ్చింది 25 పౌండ్లు. విషం గురించి ఆ నవలలో రాసినదంతా సరిగ్గా ఉందని మందుల వృత్తివారి పత్రిక మెచ్చుకొంది. ఈ పరిజ్ఞానం నవలలకే పరిమితం కాలేదు సుమా! 1961లో వచ్చిన ‘ది పేల్ హార్స్’ నవలలో థాలియం అనే విషం లక్షణాలను ఆమె వివరించింది. 1977లో లండన్ ఆసుపత్రిలో ఒక పసిబిడ్డ జబ్బు ఏమిటో వైద్యులకు అంతుపట్టలేదు. ఆ నవల చదువుతున్న ఒక నర్సు ఇది థాలియం కావచ్చునని చెప్పింది. పరీక్షలో నిజమని తేలింది. బిడ్డ బతికింది.

ఆమె సృష్టించిన మరో పరిశోధకురాలు మిస్ మార్పుల్. పెళ్లి చేసుకోని ముసలమ్మ, ఊలు అల్లుకొంటూ కూర్చుంటుంది. అనుమానితుణ్ణి చూడగానే తన ఊళ్లో ఎవరిలా ఉన్నాడో పోల్చుకొంటుంది. మన ఊళ్లలో అరుగు మీద కూర్చొని వచ్చేపోయేవాళ్లను కనిపెట్టే అవ్వలకు ఈ విద్య కొత్త కాదు. నాకు పొయిరో కన్నా ఈమె అంటేనే ఇష్టం.

1926 నాటికి ఆమెవి ఏడు అపరాధ పరిశోధక పుస్తకాలు వచ్చాయి. అయినా ఆమెకు రాసుకోవడానికి ప్రత్యేకంగా గది లేదు. భోజనాల వేళ కానప్పుడు భోజనాల బల్లే రాతబల్ల. ఏ కాగితంలోనైనా వృత్తి అని అడిగితే ‘వివాహిత’ అనే రాసేది. ఆ ఏడాదే తల్లి చనిపోయింది. భర్త విడాకులు అడిగాడు. డిసెంబరులో ఆమె ఇల్లు విడిచి పదకొండు రోజులు కనిపించకుండా పోయింది. దేశమంతా వెతికారు. చివరికి ఒక హోటల్లో కనిపించింది. ఆ రోజుల గురించి పుస్తకాలు, సినిమాలు ఎన్నో వచ్చాయి. ఆత్మకథలో ఆమె మాత్రం ఒక్క ముక్క రాయలేదు. మనమూ అంతటితో వదిలేద్దాం.

ఆ తరువాత జరిగినదే నాకు ముఖ్యం. 1927 మొదట్లో ఏడేళ్ల కూతురినీ, కార్యదర్శినీ వెంటబెట్టుకొని కానరీ దీవులకు వెళ్లింది. డబ్బు కావాలి. నవల పూర్తి చేయాలి. మనసులో రాయాలన్న కోరిక బొత్తిగా లేదు. ఆమె చెబుతుంటే కార్యదర్శి రాసుకొనేది. దూరంగా వెళ్లి ఆడుకోమంటే, ఇక్కడే నిలబడతాను, మాట్లాడను అంటుంది కూతురు. పిల్ల పక్కనే నిలబడితే వాక్యం ముందుకు సాగేదెలా? అయినా కొంచెం కొంచెంగా సాగింది. ఇష్టం లేనప్పుడు, బాగా రాదని తెలిసినప్పుడు కూడా రాయవలసి రావడంతో తాను సరదా రచయిత్రి నుంచి వృత్తి రచయిత్రిగా మారానని ఆమె చెప్పుకొంది.

1928లో విడాకులయ్యాయి. ఒంటరిగా రైలెక్కి బాగ్దాద్ వెళ్లింది. 1930లో పురావస్తు శాస్త్రవేత్త మాక్స్ మాలోవన్‌ను పెళ్లాడి, తవ్వకాలలో దొరికిన దంతపు బొమ్మలను ముఖానికి రాసుకొనే క్రీముతో శుభ్రం చేసేది. అపరాధ పరిశోధక నవలలు 66 అయ్యాయి. ‘ది మౌస్‌ట్రాప్’ నాటకం 1952 నుంచి లండన్‌లో ఆడుతోంది. కరోనా వల్ల 2020, 2021లలో కొంతకాలం ఆగింది, అంతే. 1976 జనవరి 12న, 85 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూసింది.

కానరీ దీవులలో పూర్తి చేసిన ఆ నవల ‘ది మిస్టరీ ఆఫ్ ద బ్లూ ట్రెయిన్’ 1928లో అచ్చయింది. అదంటే ఆమెకు ఎప్పుడూ అయిష్టమే. దుకాణాలలో మాత్రం అది ఇప్పటికీ దొరుకుతోంది.