ఏ సెన్సారు మాట నమ్మాలి?

తెలకపల్లిలో మా పిన్ని పెరటి కొట్టంలో నాటుకోడి గుడ్లను పొదిగించే పెట్టె పెట్టింది. ఆ కోడిపిల్లల అమ్మకమే ఆమె చేతిఖర్చు. అందులో పక్కపక్కనే ఉన్న రెండు సెన్సార్లలో ఒకటి 37.5 డిగ్రీలంటే, మరొకటి 38.6 అంటుంది. ఒక్క డిగ్రీయే కదా అనుకోవడానికి లేదు. 21 రోజుల పొదుగులో వేడి ఎక్కువైతే పిల్లలు గుడ్డులోనే పోతాయి, తక్కువైతే ఆలస్యంగా, నీరసంగా పుడతాయి.

దశాంశాలు ఎక్కువ చూపే థర్మామీటరే కచ్చితమైనదని చాలామంది నమ్మకం. సన్నని అంకెలు చూపడం వేరు, నిజం చెప్పడం వేరు. దంచిన మంచుగడ్డలో కాసిని నీళ్ళు కలిపితే సున్నా డిగ్రీ ఎవరికైనా దొరుకుతుంది. కానీ సున్నా దగ్గర నిజం చెప్పిన పరికరం 37 దగ్గరా చెబుతుందన్న హామీ లేదు.

అందుకే జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరును ఎంచుకున్నాను. అది ఒంటి వేడికి అటూ ఇటూ ఉన్న కొద్ది డిగ్రీల కోసమే తయారైనది. మంచి రకమైతే ఆ పరిధిలో తేడా 0.1 డిగ్రీకి మించదు. మనకు అలవాటైన ఫారన్‌హీట్‌లో 37.5 అంటే 99.5.

సెన్సార్ల మొనలు నీళ్ళు తగిలినా చెడిపోని రకం. వాటినీ, థర్మామీటరునూ గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో పక్కపక్కన ముంచి, నీటిని కలుపుతూ చూశాను. మొదటిది నిజమే చెబుతోంది. రెండోది 1.1 డిగ్రీలు ఎక్కువ చూపుతోంది. ఆ అంకెను పెట్టె మూత మీద రాసిపెట్టాం. తేడా ఎంతో తెలిస్తే, తీసివేసుకుని దాన్నీ వాడుకోవచ్చు.