తిరిగే కడ్డీ మీద చిట్టెలుక

మా ఇంట్లో ఎలుకంటే శత్రువు. వరి పొట్ట మీదుండగా దుబ్బులు కొరికి పారేస్తుంది, పంట ఇంటికొచ్చాక బస్తాల్లో చేరుతుంది. బుట్టలు పెట్టించటం, కన్నాల్లో పొగ పట్టించటం, మందు కలిపిన నూకలు చల్లటం చిన్నప్పట్నుంచీ చూస్తున్నవాణ్ణి. అలాంటి నాకు, ఒక చిట్టెలుక పడిపోకుండా ఎంతసేపు నిలుస్తుందా అని ఊపిరి బిగబట్టి చూసే మనుషులున్నారంటే నమ్మబుద్ధి కాకపోవటంలో వింతేముంది?

పోయినేడాది మా జువాలజీ వాళ్ళందరినీ ఒక ఫార్మసీ కాలేజీ చూపించటానికి తీసుకెళ్ళారు. అక్కడ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని ఒక సీనియర్ అన్నయ్య ప్రయోగం చేస్తున్నాడు. ఆయన బల్ల మీదున్న యంత్రం పేరు రోటారాడ్. చూడటానికి మహా సామాన్యమైనది. అడ్డంగా ఒక కడ్డీ. చిట్టెలుకలకైతే ఇంచుమించు 3 సెంటీమీటర్ల లావు, కాలు జారకుండా గరుకుగా ఉంటుంది. ఒకదాని జోలికి ఇంకొకటి పోకుండా మధ్య మధ్య గుండ్రటి పలకలు. మోటారు కడ్డీని తిప్పుతుంటే ఎలుక అడుగులో అడుగు వేసుకుంటూ పైనే నిలవాలి. అడుగు తప్పిందా, కింది పలక మీద పడుతుంది. పడగానే గడియారం ఆగిపోతుంది. దెబ్బ తగిలేంత ఎత్తు కాదు గానీ, పడటానికి ఎలుక ఇష్టపడనంత ఎత్తు.

ఈ పద్ధతిని 1957లో డన్హమ్, మియా అనే ఇద్దరు ప్రకటించారు. 1968లో జోన్స్, రాబర్ట్స్ అనేవారు కడ్డీ వేగం క్రమంగా పెరిగే ఏర్పాటు వివరించారు. ఇప్పుడు చాలాచోట్ల నిమిషానికి 4 చుట్లతో మొదలుపెట్టి 300 సెకన్లలో 40 చుట్లకి తీసుకుపోతారు. అంటే ప్రతి 25 సెకన్లకీ 3 చుట్ల వేగం పెరుగుతుందన్నమాట. డయాజిపామ్ లాంటి మత్తుమందు తగినంత ఇచ్చిన ఎలుక తొందరగా పడుతుంది. చిన్నమెదడు దెబ్బతిన్నా, పార్కిన్సన్, హంటింగ్టన్ జబ్బుల్లాంటి అవస్థ ఉన్నా నిలవగలిగే సెకన్లు తగ్గుతాయి. పురుగుమందులు నరాల మీద ఏం చేస్తాయో తెలుసుకోవటానికి కూడా ఈ కడ్డీనే వాడతారు.

నేను అంకెలు గబగబా నోట్సులో రాసుకుంటుంటే ఆ అన్నయ్య నవ్వి, “అంకెలొక్కటే చూస్తే మోసపోతావు తమ్ముడూ, ముందు ఎలుకని చూడు” అన్నాడు. బరువైన ఎలుక ఏ జబ్బూ లేకపోయినా తొందరగా పడొచ్చు. ఒక్కొక్కటి నడవటం మానేసి కడ్డీని కరుచుకుని దాంతోపాటే గిరగిరా తిరుగుతుంది. ఇంకొకటి విసుగుపుట్టి తనే దూకేస్తుంది. నిన్న పడ్డది ఇవాళ ఒడుపు తెలిసి నిలబడుతుంది. అందుకే ముందు అలవాటు చేస్తారు, ఒకటికి నాలుగుసార్లు చూస్తారు, పడిందో దూకిందో పక్కన రాస్తారు. ఎంతసేపటికి కింద పడిందో యంత్రం చెబుతుంది. ఎందుకు పడిందో మనిషి చూసి చెప్పాలి.

ఇదంతా ఇంటికెళ్ళి చెబితే మా నాన్న పకపకా నవ్వాడు. “ఎద్దు నడక చూసి దాని జబ్బు చెప్పటానికి మీ తాత ఏ కడ్డీ తిప్పాడ్రా?” అన్నాడు. నిజమే! పశువు ఏ కాలు ఈడుస్తోందో, ఏ పూట మేత తగ్గించిందో మావాళ్ళకి ఇట్టే తెలుస్తుంది. కానీ మనిషి సంగతో?

మిరపతోటకి మందు కొట్టిన రోజు నాన్న గట్టు మీద నడిచొచ్చే తీరు వేరు. మామూలుగా కళ్ళు మూసుకుని నడవగల గట్టు మీద ఆ రోజు రెండుసార్లు పక్కకి కాలేస్తాడు. ఒళ్ళంతా చెమట. “ఎండదెబ్బ” అని అమ్మ మజ్జిగ ఇస్తుంది. ఆర్గనోఫాస్ఫేట్ మందు ఒంట్లోకి ఎక్కితే ఎసిటైల్‌కొలినెస్టరేజ్ అనే ఎన్‌జైము పని ఆగిపోతుందనీ, నరం పంపిన కబురు కండరం దగ్గర ఆగకుండా మోగుతూనే ఉంటుందనీ, చెమట, వణుకు, నీరసం దాని గుర్తులనీ ఇక్కడ చదువుకున్నాను. నాన్నది ఎండదెబ్బో మందుదెబ్బో నేను చెప్పలేను. చెప్పటానికి ఏ రాతా లేదు. ఏ మందు, ఎంతసేపు కొట్టాడు, ఎన్ని గంటలకి తూలాడు, మర్నాటికి ఎలా ఉన్నాడు, ఏదీ ఎవరూ రాయలేదు. చిట్టెలుక తూలితే సెకన్లతో సహా రాసే ఈ లోకంలో, దాని శత్రువైన రైతు తూలితే మజ్జిగతో సరిపెట్టుకుంటున్నాం!

మొన్న సంక్రాంతి సెలవుల్లో నాన్న ఎరువుల లెక్కలు రాసే పుస్తకంలో వెనకవైపు గీతలు గీశాను. తేదీ, మందు పేరు, మొదలుపెట్టిన వేళ, ఆపిన వేళ, తర్వాత ఒంట్లో ఎలా ఉంది. “నన్నూ ఎలకని చేశావు గదరా!” అన్నాడు నాన్న. అన్నాడే గానీ, నేను హాస్టలుకి వచ్చేశాక అమ్మచేత రాయిస్తున్నాడు. ఇప్పటికి నాలుగు వరసలు నిండాయి. నాలుగు వరసలతో ఏదీ తేలదని నాకూ తెలుసు. అయినా ఆ రాతలు చూశాక పొడుగు చేతుల చొక్కా లేందే మందు కొట్టటానికి వెళ్ళనివ్వటం లేదట అమ్మ.

మిత్రులారా! మనలో సగంమందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి పుస్తకం ఒకటి మొదలుపెట్టండి. మందు డబ్బా పేరు మాత్రం తప్పకుండా రాయించండి. ఒంట్లో బాగాలేక డాక్టరు దగ్గరికి వెళితే ఆయన మొదట అడిగేది అదే.