నల్లబడిన పట్టాలు

ఆటవస్తువు ఆడుటవలన చెడునని పెద్దలు తలంతురు. నేనును ఉపాధ్యాయవృత్తిలో చిరకాలము అట్లే తలంచితిని. ఆ తలంపు పొరపాటని నాకు నేర్పినది ఒక బొమ్మరైలు.

2008వ సంవత్సరమున నేను వినుకొండ ప్రాంతమందలి ఒక ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడనుగా ఉంటిని. అచ్చట చదివి, జర్మనీదేశమున ఉద్యోగము చేయుచున్న పూర్వవిద్యార్థి యొకడు సెలవులకు వచ్చి, పాఠశాలకు కానుకగా పెద్ద అట్టపెట్టె నొకదానిని తెచ్చెను. అందు జానెడు పొడవుగల ఇంజను, రెండు పెట్టెలు, వంపుగల ఇత్తడిపట్టాలు పండ్రెండు, విద్యుత్తును తగ్గించి యిచ్చు ట్రాన్స్‌ఫార్మరు ఉండెను. ఇంజను చూపునకు ఆవిరియింజనే. నడచుట మాత్రము విద్యుత్తుచేత. పట్టాలను నేలపై వలయముగా కూర్చి మీట త్రిప్పగానే బండి కదలెను. పిల్లలు ఊపిరి బిగబట్టి చూచిరి.

"మాస్టారూ, ఇది మన పాత మీటరు గేజి బండికి మనుమడండీ" అని అతడు నవ్వెను. ఆ మాటలో నిజము కలదు. ఆ పట్టాల నడుమ దూరము 45 మిల్లీమీటర్లు. దానిని ఇరువదిరెండున్నరతో హెచ్చవేసినచో ఇంచుమించు ఒక మీటరగును. నా బాల్యమున గుంటూరునుండి గుంతకల్లునకు పోవు దారి మీటరు గేజియే. ఆ పట్టాలను తీసి వెడల్పు పట్టాలు వేసి చాలకాలమైనది.

పిమ్మట అతడు పిల్లలకు ఆ బొమ్మ కథ చెప్పెను. లేమన్ అను సంస్థ 1881లో జర్మనీలోని బ్రాండెన్‌బుర్గు పట్టణమున పుట్టి, రేకుబొమ్మలకు పేరుగాంచెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము దాని యజమానులు న్యూరెంబర్గున మరల పని ప్రారంభించిరి. ఆ కాలమున ఇండ్లు ఇరుకగుటచే బొమ్మరైళ్లును చిన్నవగుచుండెను. వానిలో బహుళప్రచారము పొందినవాని పట్టాల నడుమ దూరము 16.5 మిల్లీమీటర్లే. లేమన్‌వారు ఏటికి ఎదురీదిరి. 1968లో వారు ఎల్.జి.బి. అను పేర ఈ పెద్దబండిని విడుదల చేసిరి. అది వానకు తడిసినను చెడదు. అందుచే బొమ్మరైలు గది విడిచి తోటలోనికి వచ్చెను. పెద్దలు పూలమొక్కల నడుమ వంతెనలు, సొరంగములు కట్టిరి. పిల్లలు బండ్లు నడిపిరి. ఆ వేడుక అమెరికావరకు ప్రాకెను.

"అంత గొప్ప సంస్థ 2006లో దివాలా తీసింది మాస్టారూ. మెర్క్లిన్ అనే మరో పాత సంస్థ దాన్ని 2007లో కొన్నది" అని అతడు ముగించెను.

ఆ సాయంకాలమే నేను బండిని స్టాకు రిజిస్టరులో ఎక్కించి, అద్దాల బీరువాలో పెట్టి తాళము వేయించితిని. విరిగినచో ఆడిట్‌వారికి ఏమని సమాధానము చెప్పవలయునని నా భయము. ఎనిమిదవ తరగతి బాలు డొకడు కనబడినపుడెల్ల, "మాస్టారండీ, బండి ఎప్పుడు నడిపిస్తారండీ?" అని అడుగుచుండెను. "పరీక్షలు కానీరా, చూద్దాం" అనుచుంటిని. పరీక్షలైనవి, సెలవులును గడచినవి. కొంతకాలమునకు అతడు అడుగుట మానివేసెను. దానిని నేను క్రమశిక్షణ యనుకొంటిని.

2014లో ఆ పూర్వవిద్యార్థి మరల వచ్చెను. మెర్క్లిన్ సంస్థయు 2009లో దివాలా పత్రము దాఖలుచేసి, తరువాత కోలుకొన్నదనియు, అమెరికాలో పెద్దరైళ్లు అమ్ము అరిస్టోక్రాఫ్ట్ అను సంస్థ 2013లో వ్యాపారము మూసివేయుచున్నట్లు ప్రకటించినదనియు చెప్పెను. కారణ మడిగితిని. "క్రొత్త ఇంజను నమూనాకు ఉక్కు అచ్చులు చెక్కించాలంటే చాలా సొమ్ము కావాలి మాస్టారూ. వేలమంది కొంటే ఆ ఖర్చు పదిమందికీ పంచబడుతుంది. వందలమందే కొంటే ధర పెరుగుతుంది. ధర పెరిగితే కొనేవాళ్లు ఇంకా తగ్గుతారు. కొన్నవాళ్లలోనూ చాలమంది పెద్దవయస్సువాళ్లు. విలువ తగ్గకూడదని పెట్టె విప్పకుండా దాచేవాళ్లూ ఉన్నారు. వాళ్లు పోయాక వారసులు అవన్నీ తక్కువ ధరకు అమ్మేస్తారు. సంస్థ నిన్న చేసిన బొమ్మే నేటి బొమ్మకు పోటీ అవుతోంది" అని వివరించెను.

పిదప, "మన బండి నడుస్తోందా మాస్టారూ?" అని అడిగెను.

"భద్రముగా ఉన్నది" అంటిని.

అతడు బీరువావైపు చూచి మిన్నకుండెను. ఆ మౌనము నాకు చాలదినములు ముల్లువలె తగులుచుండెను. అయినను తాళము తీయలేదు.

2017లో సామగ్రి తనిఖీకై బీరువా తెరువవలసివచ్చెను. పట్టాలు నల్లబడియుండెను. మీట త్రిప్పితిమి, ఇంజను కదలలేదు. మునుపు నన్ను విసుగులేక అడిగిన బాలుడు అప్పటికి పెద్దవాడై, ఊరిలో మోటారుసైకిళ్లు బాగుచేయు దుకాణము పెట్టుకొనియుండెను. అతనికి కబురంపితిని. అతడు ఇంజను విప్పి, పండ్లచక్రముల నడుమ గట్టిపడిన గ్రీజును పుల్లతో తీసి, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసెను. పట్టాలను పూజాసామగ్రివలె చింతపండుతో తోమి, కడిగి, ఆరబెట్టెను. ఇత్తడి మెరసెను. ఈ పర్యాయము బండి కదలెను.

"ఇవి రోజూ నడిస్తే చక్రాల రాపిడికే కొంత మెరుస్తూ ఉంటాయండీ. కాస్త తుడిచినా చాలును. పైన నలుపు పేరుకుంటే కరెంటు సరిగా అందదు. అప్పుడు నడిపితే పాడవుతుందన్నారు, నడపకనే పాడైంది గదండీ" అని అతడు మెల్లగా అనెను. అతని మాటలో కోపము లేదు. కోపమున్నచో నాకు సులువుగా ఉండెడిది. అతని బాల్యమున నే నీయదగిన ఆట ఒకటి కలదు. దానిని తాళమువేసి యుంచితిని. ఇక నే నెంత కోరినను దానిని అతని కీయజాలను.

విద్యార్థులారా! ఎల్.జి.బి. బండ్లు నేటికిని తయారగుచున్నవి. ఆ విద్య పూర్తిగా నశింపలేదు. కాని ధరయు, స్థలపు కొరతయు, క్రొత్త వినోదములును దానిని క్షీణింపజేసినవి. వీనితోపాటు మరియొక కారణము కలదని నా నమ్మకము. ఏ వేడుకయైనను పిల్లలచేతికి అందినంతకాలమే పెరుగును. నేడు ఆడిన పిల్లవాడే రేపు కొనువాడు, ఎల్లుండి నేర్పువాడు. బొమ్మను అద్దములవెనుకకు చేర్చిననాడు ఆ వరుస తెగును. దూరదేశపు సంపన్నులు చేసిన తప్పును నేను ఒక పల్లెటూరి పాఠశాలలో, ఒకే ఒక్క బండితో చేసితిని.

ఆనాటినుండి ప్రతి శనివారము సాయంకాలము పిల్లలే బండి నడిపిరి, పిల్లలే పట్టాలు తోమిరి. నేను 2019లో పదవీవిరమణ చేయుటకు ముందు ఒక పెట్టె కొక్కెము విరుగగా, వారు దానిని తీగతో కట్టిరి. "వాడుకవలన విరిగినది" అని స్టాకు రిజిస్టరులో నా చేతితో వ్రాసి సంతకము చేసితిని. నా ఉద్యోగకాలమున సంతోషముతో చేసిన సంతకములలో అది యొకటి.