పక్క సర్దని మంచం

డిప్రెషన్ మీద మన పేపర్లలో వ్యాసం పడిందంటే బొమ్మ ఒక్కటే: చీకటి గది, మోకాళ్ల మధ్య తల పెట్టుకున్న మనిషి. చూసీ చూసీ విసుగొచ్చేసింది.

బ్రిటిష్ కళాకారిణి ట్రేసీ ఎమిన్ చేసిన ‘మై బెడ్’ అనే కళాకృతిలో మనిషే ఉండడు. 1998లో లండన్‌లోని తన ఫ్లాట్‌లో డిప్రెషన్‌తో రోజుల తరబడి మంచం దిగలేదావిడ. కాస్త తేరుకుని లేచాక, ఆ మంచాన్నే గ్యాలరీకి ఎక్కించేసింది. మరకలు పడ్డ దుప్పట్లు, ఖాళీ వోడ్కా సీసాలు, సిగరెట్ పీకలు, పక్కనే చెప్పులు. నన్ను పట్టేసినవి ఆ చెప్పులే. కాళ్లు కింద పెడితే అందుతాయి. ఆ కాస్త పని కూడా చేతకానివ్వదు ఈ జబ్బు. మన ఇళ్లల్లో దీనికి బద్ధకమని పేరు పెట్టేవాళ్లు బోలెడు.

1999లో ఆ మంచాన్ని బ్రిటన్ కళా పురస్కారం టర్నర్ ప్రైజ్ తుది జాబితా ప్రదర్శనలో పెడితే ‘ఇదీ ఒక కళేనా’ అని దుమ్మెత్తిపోశారు. ప్రైజూ రాలేదు. 2014 వేలంలో మాత్రం ధర 25 లక్షల పౌండ్లు దాటింది, అది వేరే కథ. 2015లో లండన్‌లోని టేట్ బ్రిటన్ గ్యాలరీలో మళ్లీ పెట్టినప్పుడు ఆ పక్క చెదరగొట్టడానికి ఆవిడే స్వయంగా వచ్చింది. ఆ పని ఇంకెవరికి అప్పజెప్తారు లెండి!