మ్యాపు పూడ్చేసిన చెరువు

కాట్పాడి స్టేషన్లో పసుపుపచ్చ బోర్డు మీద ఊరి పేరు కింద చిన్న అక్షరాల్లో ఒక అంకె ఉంటుంది. సముద్ర మట్టానికి ఆ చోటు ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో చెప్పే అంకె. చిత్తూరు నుంచి ఈ స్టేషన్‌కు ఎన్నిసార్లు వచ్చానో లెక్కలేదు గానీ దాన్ని ఏనాడూ చదివిన పాపాన పోలేదు. ఈసారి నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన మిత్రుడు ముందు ఆ బోర్డు దగ్గరికే లాక్కెళ్లాడు. "ఇవాళంతా మన పని ఈ అంకెతోనే" అన్నాడు.

ఇతను ఇక్కడే సివిల్ ఇంజనీరింగ్ చదివి ఇక్కడే ఉండిపోయాడు. సర్వే పనులు చేసుకుంటాడు. తీరిక దొరికితే కాట్పాడి, గుడియాత్తం ప్రాంతాల్లో వాన ఎక్కువైతే నీళ్లు ఎటు పోతాయో మ్యాపు గీస్తుంటాడు. ఎవరడిగారని అడిగితే, "2021లో నా బండి కొట్టుకుపోయింది, అదే అడిగింది" అంటాడు.

మొదట పాలారు వంతెన మీద ఆగాం. మా పెద్దలు ఇప్పటికీ రాయవేలూరు అనే ఊరు అవతలి ఒడ్డున ఉంది. కింద ఇసుక, సర్కారు తుమ్మ, మధ్యలో ఒక సన్నటి పాయ. కర్ణాటకలో నందికొండల వైపు పుట్టి, కుప్పం మీదుగా తమిళనాడులోకి దిగే ఈ ఏరు ఏడాదిలో చాలా నెలలు ఇలాగే పడి ఉంటుంది. దీన్ని చూసి ముంపు మాట ఎత్తితే ఎవరికైనా నవ్వొస్తుంది. కానీ 1903 నవంబరులో ఎగువన మైసూరు సీమ చెరువులు తెగి, ఇదే పాలారు వాణియంబాడి మీద పడి దాదాపు 200 మందిని పొట్టన పెట్టుకుంది. ఏటా పొంగే గోదావరి ఒడ్డువాళ్లకు ఏటి భయం ఉంటుంది. ఇక్కడ ఒక తరం చూసిన వరదను తర్వాతి తరం కథగానే వింటుంది, ఆపైన ఏటి గట్టున ఇల్లు కట్టుకుంటుంది.

టిఫిను చేసి అతని గదికి వెళ్లాం. లాప్‌టాప్‌లో క్యూజీఐఎస్ తెరిచాడు. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. అందులో వేసిన నేల ఎత్తుల లెక్కా ఉచితమే. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే అమెరికా అంతరిక్ష నౌక 11 రోజులు భూమి చుట్టూ తిరుగుతూ రాడార్‌తో నేల ఎత్తులు కొలిచింది. మన ఇస్రో కూడా 2005లో కార్టోశాట్-1ను శ్రీహరికోట నుంచి ఎగరేసి, అది తీసిన జంట చిత్రాలతో దేశమంతటికీ ఎత్తుల పటం తయారుచేసింది. భువన్ పోర్టల్‌లో ఎవరైనా దాన్ని దించుకోవచ్చు. ఈ పటాల్లో నేలంతా 30 మీటర్ల చదరపు గడులు, గడికొక ఎత్తు. మన లెక్కలో చెప్పాలంటే 22 సెంట్ల నేలకు ఒకే ఒక్క అంకె. అందులో నాలుగిళ్లు, ఒక కాలువ, ఒక బావి ఉన్నా సరే, అంకె ఒకటే. పాత సర్వే టోపోషీట్ల కన్నా ఇది నయం. వాటిలో ఎత్తు గీతలు 20 మీటర్లకొకటి ఉంటాయి, మనిషి లోతు వరద రెండు గీతల మధ్య ఎక్కడో పోతుంది.

లెక్క మొదలైంది. సాఫ్ట్‌వేర్ ఒక్కో గడి చుట్టూ ఉన్న ఎనిమిది గడుల్నీ చూసి, ఎటు వాలు ఎక్కువో అటు నీళ్లు వదులుతుంది. అలా వదిలిన నీళ్లు కలుస్తూ పోతే తెర మీద వాగులూ వంకలూ వాటంతటవే మొలుచుకొస్తాయి. నిజంగా ముచ్చటేసింది. అయితే దానికి ముందు ఒక తంతు ఉంది. చుట్టూ ఎత్తుండి మధ్యలో పల్లం ఉన్న గడి తగిలితే నీళ్లు అక్కడే ఆగిపోయి లెక్క నడవదు. అందుకని సాఫ్ట్‌వేర్ అలాంటి గుంటలన్నీ ముందే అంచు దాకా పూడ్చేస్తుంది. చాలా గుంటలు రాడార్ పొరపాట్లే కాబట్టి తప్పు పట్టడానికి లేదు. కానీ లత్తేరి దాటాక ఒక పల్లం మీద వేలు పెట్టి మిత్రుడు అన్నాడు: "ఇది పొరపాటు కాదు, చెరువు. మిషన్ పూడ్చేసింది."

ఈ సీమంతా చెరువుల గొలుసు. ఒకటి నిండి మరవ పారితే కిందిది నిండుతుంది. మామూలు వానను చెరువు ఆపుతుంది, పెద్ద వానకు కట్ట తెగితే అదే వరదకు పుట్టిల్లవుతుంది. ఆ రెండు సంగతులూ చెరిపేసి మ్యాపు గీస్తే ఆ మ్యాపు ఎవరికి? అందుకని అతను గ్రామ నక్షాలు ముందు పెట్టుకుని ఒక్కో చెరువునూ చేత్తో గుర్తుపెట్టి, పూడ్చకుండా పక్కకు తీసి ఉంచాడు. విసుగు పుట్టించే పని. ఇలాంటి పనికి ఏ సభలోనూ శాలువా కప్పరు.

మధ్యాహ్నానికి గుడియాత్తం చేరాం. ఊరి నడుమ నుంచి పోయే కౌండిన్య నది మనవైపు నుంచే వస్తుంది. పలమనేరు దాదాపు 680 మీటర్ల ఎత్తున ఉంటే గుడియాత్తం 290కి అటూ ఇటూ. ఏనుగులు తిరిగే కౌండిన్య అడవిలోంచి అంత దిగుడూ దిగి నీళ్లు మోర్దానా డ్యాముకు చేరతాయి, డ్యాము నిండితే ఊరి మీదికే. రాష్ట్ర సరిహద్దు కాగితం మీద ఎక్కడుందో ఏటికేం తెలుసు? ఎత్తుల పటానికీ తెలియదు. దానిలో నాకు బాగా నచ్చిన గుణం అదే.

2021 నవంబరులో డ్యాము పొర్లి ఈ వీధులు మునిగాయి. నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్టను తెంచి చెయ్యేరును రాజంపేట పల్లెల మీదికి తోసింది కూడా ఆనాటి వానలే.

ఏటి దగ్గరి సందులో ఒక నేతగాళ్ల ఇంటికి వెళ్లాం. లుంగీలు నేసే ఇల్లు. బయట తమిళం, గడప లోపల తెలుగు. తాత గోడ మీద మరక చూపించాడు. నా నడుం దాటి ఉంది.

"ఈడిదాకా వచ్చినాయి నాయనా. రాత్రంతా మిద్దె మీదే. మగ్గం గుంటలో నీళ్లు ఇంకేదానికి పది దినాలు పట్టె."

మ్యాపులో ఈ ఇల్లు ముంపు లేని చోటు. మిత్రుడు తల గోక్కున్నాడు, కానీ ఆశ్చర్యపోలేదు. పైనుంచి చూసే రాడార్‌కు నేల, మిద్దె ఒకటే. ఇరుకు వీధుల్లో ఇళ్ల ఎత్తు కూడా గడి అంకెలో కలిసిపోయి ఊరు దిబ్బలా కనిపిస్తుంది. ఏటి పక్క కొబ్బరి తోపులదీ అదే తంతు. రైలు పట్టాలకు ఎత్తు కోసం పోసిన కట్ట అడ్డంగా ఆనకట్టలా కనిపిస్తుంది, దాని కింది తూములు కనిపించవు. పైగా ఆ రాడార్ చూసింది 2000 నాటి నేలను.

లెవెల్ మిషన్ను ముక్కాలి మీద నిలబెట్టాడు. గీతల స్టాఫ్ పట్టుకునే ఉద్యోగం నాది. ఏటి అడుగున ఒకసారి, గట్టు మీద ఒకసారి, సందు మలుపులో, చివరికి తాత గోడ మరక దగ్గర. "స్టేషన్ బోర్డు అంకె ఇక్కడికి మోసుకురావాలంటే రెండు రోజులు. ఇప్పటికి సముద్రం సంగతి వదిలెయ్, ఏటి అడుగు నుంచి ఎంత ఎత్తు అన్నదే కావాలి" అన్నాడు. ప్రతి గడి ఎత్తునూ దాని నీళ్లు దిగే వాగు మట్టంతో పోల్చే పద్ధతి ఒకటుంది. ఏరు రెండు మీటర్లు లేస్తే ఏ గడులు తడుస్తాయి, మూడు లేస్తే ఏవి అని రంగులు పడతాయి. తాత గోడ కొలత ఎక్కించి సవరించాక సందు మొత్తానికి రంగు మారింది. తాత తెర వంక చూసి, "ఇది నాకు అప్పుడే తెలుసు కదా" అన్నాడు.

నిజమే. తాతకు తెలిసింది కలెక్టరాఫీసుకు తెలియాలంటే మాత్రం అంకె కావాలి. అదైనా ఎక్కడ ముంపో చెబుతుంది, ఎప్పుడో చెప్పదు. దానికి ఎగువన పలమనేరు అడవిలో వాన ఎంత పడింది, డ్యాము ఎంత నిండింది అన్న కబురు గంటగంటకూ రావాలి. కొన్ని సంగతులు ఏ ఎత్తుల పటానికీ అందవు. అదే నవంబరు 19న పక్కనున్న పేర్ణాంబట్టులో వానకు ఇల్లు కూలి 9 మంది చనిపోయారు, అందులో నలుగురు పిల్లలు. వానకు నానిన గోడే కూలింది.

సాయంత్రం తిరుగు రైలుకు ముందు తాత ఇంటికి మళ్లీ వెళ్లాం. మనవరాలి పెళ్లికి ఇంటికి రంగు వేయిస్తున్నారట. మిత్రుడు అనుమతి అడిగి, మరక ఉన్నచోట మేకుతో గీత గీసి, పక్కన 19-11-2021 అని చెక్కాడు.

పాలారు, కౌండిన్య, పొన్నై ఏ ఏటి పక్కన మీరున్నా సరే, మీ గోడ మీద అలాంటి మరక ఉంటే సున్నం వేసేముందు ఒక గీత గీసి తేదీ రాసి ఉంచండి.